తొంభైల పాటల క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించడం: నెల్లూరు, ప్రకాశం ఇళ్లకు పనికొచ్చే పద్ధతి

అటక మీద అట్టపెట్టె నిండా క్యాసెట్లు ఉన్నాయని అన్నీ ఎక్కించడానికి కూర్చోకండి. అరవై నిమిషాల క్యాసెట్టు ఆడటానికే గంట పడుతుంది. తుడవడం, ముక్కలు చేయడం, పేర్లు పెట్టడం కలిపితే ఇంకో గంట. అందుకే ముందు రెండు కుప్పలు పోయండి.

కంపెనీ ముద్రతో వచ్చిన సినిమా క్యాసెట్లు ఒక కుప్ప. 1996 నుంచి 1999 దాకా బస్సుల్లో, టీ కొట్లలో, పెళ్లి మైకుల్లో మోగిన పాటల్లో చాలావరకు ఇప్పుడు ఫోన్లోనే శుభ్రంగా దొరుకుతున్నాయి. పాతికేళ్లు దాటిన రీలులోంచి అంతకంటే మంచి శబ్దం రాదు. రెండో కుప్పే అసలైన సొత్తు. కాగితం మీద పాటల వరస రాసిచ్చి రికార్డింగ్ సెంటర్లో ఎక్కించుకున్నవి, రేడియో ముందు పెట్టి పట్టుకున్నవి, పాట మధ్యలో ఇంట్లోవాళ్ల మాట పడినవి. పాట ఎక్కడైనా దొరుకుతుంది, ఆ వరస, ఆ గొంతు దొరకవు. వీటితో మొదలుపెట్టండి. కంపెనీ క్యాసెట్లలో కూడా చిన్న కంపెనీల భక్తిపాటలు, జానపదాలు, ప్రైవేటు ఆల్బమ్‌లు ఉంటే ఒకసారి ఫోన్లో వెతికి చూడండి. దొరకని వాటిని రెండో కుప్పలోకి మార్చండి.

పనికి సంక్రాంతి దాటాక, ఎండలు ముదరకముందు కూర్చోవడం మంచిది. మనకు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. ఆ తేమకే రీలు అంచులకు బూజు పడుతుంది. మైపాడు, కావలి, కొత్తపట్నం లాంటి సముద్రపు పక్క ఊళ్లలో ఉప్పుగాలి కూడా తోడై, రీలును అదిమి పట్టే ఫెల్టు ముక్క వెనకాల రాగిరేకు పచ్చబడుతుంది. కనిగిరి, పొదిలి వైపు బూజు కంటే దుమ్ము పోరు ఎక్కువ. రోహిణి కార్తెలో కారు అద్దం ముందు వదిలేసిన క్యాసెట్టు డొప్ప వంగిపోతే దాన్ని మళ్లీ సాపు చేయాలని చూడకండి. లోపలి రీలు చాలాసార్లు బాగానే ఉంటుంది, వేరే డొప్పలోకి మారిస్తే సరిపోతుంది.

క్యాసెట్టు చేతిలోకి తీసుకోగానే చేయాల్సిన పని ఒకటుంది. వీపు భాగంలో రెండు మూలలా ఉండే చిన్న ప్లాస్టిక్ పలకల్ని విరిచేయండి. అవి ఉన్నంత కాలం పొరపాటున రికార్డు బటన్ నొక్కితే పాత పాట మీద మీ గది శబ్దం ఎక్కుతుంది, ఇక తిరిగి రాదు. కంపెనీ క్యాసెట్లకు అవి ముందే ఉండవు. ఇంట్లో రికార్డు చేసినవాటికే ఉంటాయి, పోతే దొరకనివీ అవే.

తర్వాత టార్చి వెలుతురులో కిటికీలోంచి చూడండి. రీలు చుట్ట మీద పిండి చల్లినట్టు తెల్లగా ఉంటే బూజు. అలాంటిదాన్ని మంచి టేపు రికార్డరులో పెట్టకూడదు, హెడ్డుకు, అంటే రీలు మీది పాటను చదివే ముక్కకు అంటుకుని ఆ తర్వాత ఆడించిన ప్రతి క్యాసెట్టుకూ పాకుతుంది. ఎండలో ఆరబెట్టడం మన అలవాటు గానీ ఇక్కడ పనికిరాదు, డొప్ప వంగుతుంది, రీలు ముడుచుకుంటుంది. మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ సంచులు వేసి వారం రోజులు ఉంచండి. ఆ తర్వాత ముక్కుకు మాస్కు కట్టుకుని వరండాలో కూర్చుని డొప్ప విప్పండి. స్క్రూలు ఐదు, నాలుగు మూలలా నాలుగు, మధ్యలో ఒకటి. స్క్రూలు లేని డొప్ప అయితే అంచులు కరిగించి అతికించారని అర్థం, చాకుమొనతో అంచు వెంబడి నెమ్మదిగా తెరవాలి, పాత డొప్ప మీద ఆశ వదులుకోవాలి. రెండు చక్రాల్ని రీలుతో సహా ఎత్తి, పొడి మెత్తటి గుడ్డతో చుట్ట అంచులు తుడిచి, పనికిరాని క్యాసెట్టు నుంచి తీసిన స్క్రూల డొప్పలో పెట్టండి. రీలు రెండు మూలల్లోని చిన్న చక్రాల మీదుగానే పోవాలి. పైనా కిందా ఉండే పల్చటి ప్లాస్టిక్ కాగితాలు మర్చిపోతే రీలు డొప్పకు రాసుకుని కీచుమంటుంది. మూత బిగించేముందు పెన్సిల్ పెట్టి రెండు చుట్లు తిప్పి చూడండి. ఆరు పలకలున్న పెన్సిలే వాడండి, గుండ్రటిది పళ్లలో జారిపోతుంది.

ఇక ఫెల్టు ముక్క. ముందు వైపు మధ్యలో రాగిరేకు మీద అతికించి ఉండే ఈ వడ్లగింజంత ముక్క రీలును హెడ్డుకు అదుముతుంది. చాలా ఏళ్లకు జిగురు ఎండి అది రాలిపోతుంది. అప్పుడు పాట మూసిన తలుపు వెనక నుంచి పాడినట్టు వస్తుంది, ఒక చెవిలో వచ్చీ పోతూ ఉంటుంది. చాలామంది దాన్ని రీలు పాడైందనుకుని క్యాసెట్టు పారేస్తారు. ఇంకో పాత క్యాసెట్టులోంచి రేకుతో సహా తీసి మార్చడమే సులువు.

తెగిన రీలును మామూలు సెల్లోటేపుతో అతికిస్తే ఎండాకాలంలో జిగురు కారి పక్క చుట్లకు అంటుకుంటుంది. అతికించడానికే అమ్మే సన్నటి స్ప్లైసింగ్ టేపు తెప్పించుకోండి. రెండు కొసల్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి ఏటవాలుగా ఒకేసారి కత్తిరించి, ఎదురెదురుగా ఆనించి, ఫెల్టు ముక్కకు తగిలే వైపు, అంటే లోపలి వైపు అతికించండి. బయటి వైపు హెడ్డుకు తగిలే వైపు, అక్కడ జిగురు పడకూడదు. రీలు వెడల్పు 4 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ, అంతకు మించి అతుకు బయటికి రాకూడదు.

ఇప్పుడు టేపు సంగతి. క్యాసెట్టు పెట్టి కంప్యూటర్‌కు తగిలిస్తే చాలంటూ అమ్మే చవకరకం చిన్న యంత్రాల జోలికి పోవద్దు. వాటిలో చక్రం నిలకడగా తిరగక రాగాలు ఊగుతాయి. ఇంట్లోని పాత టూ ఇన్ వన్నే (రేడియో, టేపు కలిసినది) మేలు, హెడ్‌ఫోన్ రంధ్రం ఉండి అది స్టీరియో అయితే చాలు. చాలాకాలం ఆడనిదైతే ముందు మూత తీసి బెల్టు చూడండి. తారులా కరిగి ఉంటే పాతదాన్ని స్పిరిట్‌తో పూర్తిగా తుడిచేసి, అదే చుట్టుకొలతకు ఒక పిసరు తక్కువ ఉన్న కొత్త బెల్టు వేయించాలి. బెల్టు వదులైతే పాట మందగిస్తుంది, రీలును అందుకుని చుట్టుకునే చక్రం ఆగిపోతే రీలు బయటికొచ్చి చుట్టుకుపోతుంది. మన ఊళ్లలో క్యాసెట్లను మింగిన టేపులన్నిటిదీ దాదాపు ఇదే జబ్బు.

హెడ్డు, దాని పక్కన తిరిగే సన్న ఇనప కడ్డీ, కడ్డీని ఒరుసుకునే రబ్బరు చక్రం, ఈ మూడూ తుడవాలి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూదిపుల్ల ముంచి, గోధుమరంగు రావడం ఆగేదాకా పుల్లలు మార్చండి. చేతులకు రాసుకునే శానిటైజర్ వద్దు, అందులోని నీళ్లు, జిగట హెడ్డు మీద మిగిలిపోతాయి. రబ్బరు చక్రానికి మాత్రం సబ్బునీళ్ల తడి పుల్ల చాలు, ఆల్కహాల్ ఎక్కువైతే రబ్బరు ఎండి పగులుతుంది. పది నిమిషాలు ఆరనిచ్చాకే క్యాసెట్టు పెట్టండి. మామూలు క్యాసెట్లకు ఐదారింటికోసారి, బూజు పట్టి బాగుచేసినవాటికి ప్రతి సైడు తర్వాత మళ్లీ తుడవాలి.

కొత్తగా మొదలుపెట్టినవాళ్లు దాటేసేది హెడ్డు వాలు. హెడ్డుకు ఒక పక్క స్ప్రింగు మీద ఉండే చిన్న స్క్రూ దాన్ని రీలుకు నిటారుగా నిలబెడుతుంది. రికార్డింగ్ సెంటర్లో ఎక్కించిన క్యాసెట్టు ఆ సెంటర్ యంత్రం వాలుకు సరిపోతుంది, మీ టేపు వాలు వేరు. తేడా వెంట్రుకవాసి ఉన్నా తాళాల మెరుపు, ‘స’, ‘ష’ల పదును మాయమై పాట మందంగా ఉంటుంది. స్క్రూ ఇప్పుడున్న చోట పెన్నుతో గీత పెట్టుకోండి. క్యాసెట్టు ఆడుతుండగానే హెడ్‌ఫోన్ పెట్టుకుని అటూ ఇటూ పావు చుట్టుకు మించకుండా తిప్పండి. ‘స’ ఎక్కడ కోసినట్టు వినపడుతుందో అక్కడ ఆపండి. తర్వాత కంప్యూటర్‌లో ఎంత ట్రెబుల్ పెంచినా ఈ మెరుపు రాదు, బుసే పెరుగుతుంది. క్యాసెట్టు మారినప్పుడల్లా ఇది మళ్లీ చూసుకోవాల్సిందే. విసుగైన పనే గానీ ఫలితం మొత్తం ఇందులోనే ఉంది.

టేపు హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి రెండు కొసలా 3.5 మిల్లీమీటర్ల స్టీరియో పిన్ను ఉన్న తీగ తీసుకోండి. ల్యాప్‌టాప్ మైకు రంధ్రంలో నేరుగా పెడితే చాలావాటిలో రెండు చెవుల శబ్దం ఒకటైపోతుంది, పైగా పగులుతుంది. లైన్ ఇన్ రంధ్రం ఉన్న యూఎస్‌బి సౌండ్ కార్డు మధ్యలో పెట్టండి. టేపు వాల్యూమ్ సగం దగ్గర, బాస్, ఈక్వలైజర్ అన్నీ మధ్యలో. బుస తగ్గించే డాల్బీ బటన్ ఉంటే, డాల్బీతో రికార్డు చేసిన క్యాసెట్టుకే నొక్కండి. మిగతావాటికి నొక్కితే పాట మూగబోతుంది. ‘మ్మ్’ అని గుయ్యిమనే శబ్దం వస్తుంటే ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపండి. అప్పటికీ పోకపోతే టేపును కూడా సెల్లుల మీద పెట్టండి.

సాఫ్ట్‌వేర్‌కు ఆడాసిటీ చాలు, ఉచితం. 44,100 హెర్ట్జ్, 16 బిట్, స్టీరియో పెట్టండి. పాటలో బాగా గట్టిగా మోగే చోటు ఆడించి, గీటు మైనస్ 6 డెసిబెల్‌ను దాటకుండా స్థాయి సర్దండి. ఎరుపు వెలిగిందంటే ఆ పగులు బాగుపడదు. తక్కువైతే తర్వాత పెంచుకోవచ్చు. చాలాకాలం కదలని క్యాసెట్టును ముందు ఒకసారి ఆ చివరికీ ఈ చివరికీ తిప్పితే చుట్ట సర్దుకుంటుంది. అతుకు వేసినవాటిని, తొంభై నిమిషాల కంటే పొడుగున్నవాటిని మాత్రం చేత్తో తిప్పండి, వాటి రీలు మరీ పల్చన. సైడు మొత్తం ఆపకుండా ఒకే ఫైలుగా ఎక్కించండి. వేవ్ ఫైలు నిమిషానికి పది మెగాబైట్లకు పైన, అరవై క్యాసెట్టుకు 640 మెగాబైట్ల దాకా అవుతుంది.

వేగం సరిచూడటానికి అదే పాట ఫోన్లో పెట్టి మొదటి దెబ్బ నుంచి చివరి దెబ్బ దాకా కొలవండి. అక్కడ 300 సెకన్లు ఉన్నది మీ ఫైల్లో 291 అయితే మీ టేపు మూడు శాతం వేగంగా తిరుగుతోంది, శ్రుతి దాదాపు పావు స్వరం పెరిగింది. మన నెల్లూరు బాలు గొంతు కుర్రాడిలా వినిపిస్తోందంటే అనుమానించాల్సింది ఇదే. ఆడాసిటీలో టెంపో కాదు, స్పీడ్ మార్చండి, ఈ లెక్కకు 0.97. టెంపో మారిస్తే నిడివి సరిపోతుంది గానీ శ్రుతి అలాగే ఉంటుంది. క్యాసెట్లన్నీ ఒకే తేడా చూపిస్తే మోటారు వెనక చిన్న రంధ్రంలో వేగం స్క్రూ ఉందేమో చూసి ఒక్కసారే సరిచేసుకోండి.

బుస తీయడంలో చెయ్యి బిగబట్టండి. రెండు పాటల మధ్య ఖాళీలో ఒకటి రెండు సెకన్లు ఎంచుకుని ఆడాసిటీకి బుస నమూనాగా ఇవ్వండి. సైడు మొదట్లో వచ్చే రంగు రీలు మీద ఇవ్వకండి, అక్కడ అసలు బుసే ఉండదు. ఆరు డెసిబెల్స్ తగ్గిస్తే చాలు. పన్నెండు, పదిహేను అంటే వేణువు నీళ్లలో వాయించినట్టు బుడబుడలాడుతుంది. పాట మొదలవక ముందే దాని నీడ సన్నగా వినపడుతుంటే, పక్క చుట్టులోని అయస్కాంతం ఈ చుట్టుకు అంటుకుందని అర్థం. దాన్ని అలాగే వదిలేయండి. తుడవని అసలు ఫైలును ఎప్పుడూ చెరపకండి.

పాటల్ని విడగొట్టేటప్పుడు ప్రతి పాట మొదట్లో లేబుల్ పెట్టి ఒకేసారి ముక్కలుగా ఎగుమతి చేయండి. దాచుకోవడానికి శబ్దంలో ఏమీ పోగొట్టని ఫ్లాక్ ఫైలు, ఫోన్లో వినడానికి 320 కేబీపీఎస్ ఎంపీత్రీ. పేర్లు సినిమా, సంవత్సరం, సైడు, వరస సంఖ్య అనే క్రమంలో పెట్టండి, మనం పాటను వెతికేది సినిమా పేరుతోనే కదా. పేర్లు వాటంతటవే నింపే సాఫ్ట్‌వేర్‌ను నమ్మితే పప్పులో కాలేస్తారు. ‘తొలిప్రేమ’ అంటే 1998 దేవా పాటలకు 2018 తమన్ బొమ్మ అతికిస్తుంది. 1997 ‘ప్రేమించుకుందాం రా’ను మణిశర్మ ఖాతాలో వేసేవాళ్లు చాలామంది, ఆయన చేసింది ప్రధానంగా నేపథ్య సంగీతం, పాటలు చాలావరకు సంగీత దర్శకుడు మహేశ్‌వి. 1998 ‘జీన్స్’కు తెలుగులోనూ అరవంలోనూ ఒకటే పేరు కాబట్టి అరవం పాటల పట్టిక వచ్చి పడుతుంది. రికార్డింగ్ సెంటర్ క్యాసెట్టుకు మాత్రం సినిమాల వారీగా విడగొట్టకుండా పూర్తి సైడు ఫైలు ఒకటి విడిగా ఉంచండి. లోపలి అట్ట మీద చేత్తో రాసిన పాటల పట్టికను ఫోటో తీసి అదే ఫోల్డర్లో వేయండి.

ఫైళ్లు రెండు చోట్ల ఉండాలి, ఒకటి ఇంట్లో హార్డ్ డిస్కులో, రెండోది వేరే ఊళ్లో ఉండే బంధువుల దగ్గరో క్లౌడ్‌లోనో. క్యాసెట్లను చివరిదాకా తిప్పి, డబ్బాలో నిలువుగా, సిలికా జెల్‌తో, స్పీకర్లకు దూరంగా ఉంచండి. జెల్ సంచులు కార్తీకం వానలకు ముందోసారి, తర్వాతోసారి మార్చండి.