డిమెన్షియా పరిశోధనకి పిల్లల్ని తయారుచేయడం: మా కోనసీమ పద్ధతి

డిమెన్షియా అంటే జ్ఞాపకం, ఆలోచన క్రమంగా దెబ్బతినే జబ్బు. దాని మీద పరిశోధన నేర్చుకోవడానికి ఏటా నలుగురైదుగురు పీజీ పిల్లలు నా దగ్గరికి వస్తారు. సైకాలజీ వాళ్లు, పబ్లిక్ హెల్త్ వాళ్లు, అప్పుడప్పుడు బయోటెక్నాలజీ వాళ్లు. అమలాపురం పక్కన మా ఇంటి వెనక రేకుల షెడ్డే ఆఫీసు. రాగానే ల్యాప్‌టాప్ తీస్తారు. పదిహేను రోజులు దాన్ని బ్యాగులోనే ఉంచమంటాను. మీరు గైడ్లయితే మీరూ అలాగే చేయండి.

ఆ పదిహేను రోజులూ ఒక్కొక్కరికి ఒక ఇల్లు, ఆ ఇంట్లో ఒక పెద్దమనిషి. ప్రశ్నలేమీ ఉండవు. లేచింది మొదలు పడుకునేదాకా ఆ మనిషి ఏం చేస్తున్నారో నోటుబుక్కులో రాయడమే పని. ఆత్రేయపురంలో పూతరేకులు వేసే ఒక మామ్మగారింటికి ఓసారి ఒకమ్మాయిని పంపాను. బోర్లించిన కుండ కింద మంట, పిండిలో ముంచిన గుడ్డ, కుండ మీద ఒక్క లాగుడు. రేకు కాగితంలా లేచివచ్చేది, ఒక్కటీ చిరగలేదు. ఆవిడకి మతిమరుపేమీ లేదని మా అమ్మాయి మూడు రోజులు వాదించింది. నాలుగో రోజు చుట్టడం దగ్గర కూర్చోమన్నాను. మామ్మగారు నెయ్యి రాశారు, మడతపెట్టారు, పళ్లెంలో పెట్టారు. చక్కెర పొడి గిన్నె పక్కనే ఉంది, ముట్టుకోలేదు. ఆరు మడతలూ అంతే. ఏడోది కోడలు చేతిలోంచి తీసుకుని మాట్లాడకుండా పొడి చల్లింది. చేతులకి అలవాటైన పని చాలాకాలం నిలుస్తుందని, ముందు పోయేది కొత్తగా గుర్తుపెట్టుకోవడం, వరస తప్పకుండా పని నడపడం అని పుస్తకంలో పేరా ఉంటుంది. ఆ పిల్లకి ఆ పేరా మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు.

తర్వాత మా భాష. బయటినుంచి వచ్చిన పిల్లలకి ముందు ‘ఆయ్’ నేర్పుతాను. ఇక్కడ ‘ఆయ్’ అంటే ప్రతిసారీ అవునని కాదు, చాలాసార్లు వింటున్నానండి అని. ‘దారి తప్పుతున్నారా?’ ఆయ్. ‘నిద్ర పడుతోందా?’ ఆయ్. ఒక అబ్బాయి ఫారం నిండా అవునులే తెచ్చాడు. అందుకే అవును కాదులతో తేలిపోయే ప్రశ్న వద్దు, ‘నిన్న సంతకెళ్లి ఎలా వచ్చారండీ?’ అని అడగమంటాను. అంగీకార పత్రం దగ్గరా ఇదే జాగ్రత్త. చదివి వినిపించాక, ఏం అర్థమైందో వాళ్ల మాటల్లోనే చెప్పించుకోవాలి. ‘ఆయ్ అండి’ అంటే వేలిముద్ర తీసుకోకూడదు.

పరీక్షల సంగతి. అందరూ మొదట నేర్చేది ఎమ్మెమ్మెస్‌ఈ (మినీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్), జ్ఞాపకాన్నీ ఆలోచననీ చూసే చిన్న పరీక్ష. 1975లో అమెరికాలో పుట్టింది, 30 మార్కులు. వందలోంచి ఏడేసి తీసుకుంటూ పొమ్మంటుంది, ఒక వాక్యం రాయమంటుంది. బడి మొహం చూడని ఆవిడకి ఇది మతిమరుపు పరీక్ష కాదు, చదువు పరీక్ష. హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో 1990లలో చదువురాని వాళ్లకోసం హిందీలో దీన్ని మార్చి తయారుచేశారు, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎమ్మార్) పరీక్షల సెట్టు తెలుగులోనూ ఉంది. ఆ తెలుగు సెట్టే వాడండి, సొంతంగా అనువాదం చేయించకండి.

ఇది చెప్పే హక్కు నాకెలా వచ్చిందంటే, ఉద్యోగంలో కొత్తలో ‘ఇవాళ ఏ తేదీ?’ అనడిగితే ఒకావిడ ‘ఏకాదశి కదమ్మా, పలహారమే’ అంది. సున్నా వేశాను. ఇంటికొచ్చి క్యాలెండర్ చూస్తే ఏకాదశే. రోజు తప్పింది నాకు. ఇప్పుడు తిథి చెప్పినా ఒప్పుకుంటాం. వయసూ అంతే. మా పెద్దవాళ్లలో చాలామందికి ఆధార్‌లో జనవరి 1. 1953 గోదావరి వరదకి నడక వచ్చిందా, 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి మంటలప్పటికి ఎవరి పెళ్లయింది, 1996 నవంబరు తుఫానుకి మనవలున్నారా అని వెనక్కి లెక్కకట్టాలి. ఇలాంటి సంఘటనల పట్టిక ప్రతి విద్యార్థీ తన ఊరికి తానే తయారుచేసుకోవాలి.

పెద్దమనిషి ఒక్కరినే అడిగితే చాలదు, రోజూ చూసేవాళ్లనీ అడగాలి. హైదరాబాద్‌లో ఉన్న కొడుకు ఫోన్లో ‘మా నాన్న బాగానే ఉన్నారు’ అంటాడు. తాతగారు రెండోసారి అన్నం పెట్టమంటున్నారని కోడలికి తెలుసు. కాకపోతే మామగారి ముందు చెప్పదు, పెరట్లోకి వెళ్లి అడగాలి. వంట చేయగలరా అన్న ప్రశ్న జన్మలో పొయ్యి ముట్టని తాతగారికి పనికిరాదు. పుంజీల (నాలుగేసి) లెక్కన కొబ్బరికాయలు ఎంచడం, కాలవ నీటి వంతు గుర్తుండటం అడగండి.

లసి-డాడ్ అనే దేశవ్యాప్త అధ్యయనం 60 ఏళ్లు దాటినవాళ్లలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉందని అంచనా వేసింది. నాలుగు వందల మంది పెద్దలున్న ఊళ్లో ముప్ఫై మంది దాకా ఉండాలి. మా ఆశా కార్యకర్త ఇద్దరి పేర్లు చెప్పింది. మిగతావాళ్లది ‘చాదస్తం’. అలాగని మరిచిపోయే ప్రతివాళ్లనీ లెక్కలో వేయకూడదు. థైరాయిడ్, బీ12 లోపం, దిగులు, చెవుడు, శుక్లాలు ముందు చూడాలి. కళ్లజోడు ఇంట్లో మరిచి పరీక్షకొచ్చినవాళ్లకి మార్కులు వేయొద్దు.

కొత్త ప్రశ్న ఎక్కడ దొరుకుతుందని పిల్లలు టెన్షన్ పడతారు. 2013లో న్యూరాలజిస్టు డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది రోగుల్ని చూసి, రెండు భాషలు వచ్చినవాళ్లలో లక్షణాలు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయని, చదువురాని వాళ్లలోనూ అంతేనని తేల్చింది. అది చదివించి వీధిలోకి తీసుకెళ్తాను. కువైట్‌లో ఇళ్లలో పనిచేసి వచ్చిన ఆడవాళ్లు అరబ్బీ మాట్లాడతారు, హిందీ మాట్లాడతారు. ‘ఎన్ని భాషలు వచ్చు?’ అంటే ‘తెలుగే’ అంటారు. ఫారంలో ఆ గడి ఎలా నింపుతావు? అక్కణ్ణుంచి వాడి థీసిస్ వాడు వెతుక్కుంటాడు.

ఉద్యోగాల గురించి ఎక్కువ చెప్పను. జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్ పరీక్ష) రాయించండి, గణాంకాలు, వాటికి వాడే ఆర్ అనే సాఫ్ట్‌వేర్ నేర్పించండి. నిమ్హాన్స్, బెంగళూరు ఐఐఎస్సీలోని మెదడు పరిశోధన కేంద్రం లాంటి చోట్లకి దరఖాస్తు పెట్టించండి. ఆ కేంద్రం వాళ్లు కోలారు జిల్లా శ్రీనివాసపురంలో పల్లె పెద్దల్ని ఏళ్ల తరబడి చూస్తున్నారు, తెలుగొచ్చిన పిల్లలు అక్కడ ఇమిడిపోతారు. ల్యాబ్ వైపు మొగ్గేవాళ్లకి రక్తంలో పీ-టావ్ (అల్జీమర్స్‌లో పెరిగే ఒక ప్రోటీన్) లాంటి పరీక్షలు నేర్చుకోమంటాను. కిడ్నీ జబ్బున్నవాళ్లలో ఆ అంకె పెరిగి కనిపిస్తుందని కూడా అప్పుడే చెప్పేస్తాను.

చివర్లో ఒకటి నేర్పి పంపుతాను. ఆర్నెల్ల తర్వాత రెండో విజిట్‌కి వెళ్తే మామ్మగారు ‘ఎవరబ్బాయివి నాయనా?’ అంటారు. ‘మొన్న వచ్చాను కదండీ, గుర్తులేదా?’ అనకూడదు. చెప్పులు విప్పి, అరుగు మీద కూర్చుని, పేరూ ఊరూ చెప్పి, ఎవరబ్బాయో మళ్లీ మొదటినుంచి చెప్పాలి.