టెక్సాస్‌లో విల్లుతో జింక వేటకి లైసెన్స్ ఎట్ల అప్లై చేయాలి (మన తిరుపతోళ్ళ కోసం)

పోయిన వారం ఊరికొచ్చి చంద్రగిరిలో టీ అంగడి దగ్గర ఫోన్లో వేటాడిన జింక ఫోటో చూపించినా, అంతే, "ఏమప్పా జింకనే కొట్టినారా, జైల్లో ఎయ్యలేదా" అని అందరూ మీద పడినారు. జింకని కొట్టింది నేను కాదు నా ఫ్రెండు, కొట్టింది టెక్సాస్‌లో, అదీ గవర్నమెంట్ లైసెన్స్‌తో. ఈ డిసెంబర్‌లో డాలస్ పోతాండే మా పిన్ని కొడుకైతే అప్పట్నుంచి రోజూ ఫోన్ చేసి ఆ లైసెన్స్ ఎట్ల వస్తాదని అడుగుతా ఉన్నాడు, అందుకే మొత్తం ఒక్కసారి రాసి పెడతాండా.

ముందు ఒక మాట, ఇదంతా అక్కడి సంగతి. ఇక్కడ సరదా వేటకి దరఖాస్తు ఫారం అనేదే లేదు, 1972 వన్యప్రాణి చట్టాన్ని 1991లో సవరించినాక ఆ తలుపు పూర్తిగా మూసేసినారు. శేషాచలంలో శ్రీవెంకటేశ్వర నేషనల్ పార్కు లోపల విల్లు ఎత్తితే 3 నుంచి 7 ఏళ్ళు లోపలే.

ఇంగ అక్కడ లైసెన్స్ ఇచ్చేది టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ డిపార్ట్‌మెంట్. దాని కంటే ముందు కావాల్సింది హంటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్, 1971 సెప్టెంబర్ 2న గానీ తర్వాత గానీ పుట్టినోళ్ళందరికీ ఇది తప్పనిసరి. 17 ఏళ్ళు నిండినోళ్ళు ఇంట్లో కూర్చోని ఆన్‌లైన్లోనే కోర్సు చేసేయొచ్చు, చివర్లో పరీక్ష ఉంటాది, పెద్ద కష్టమేం కాదు గానీ గబగబా స్క్రోల్ చేసి పాస్ అయిపోదాం అనుకుంటే కుదర్దు. అస్సలు టైం లేదంటే 10 డాలర్లు కట్టి ఆ ఒక్క సీజన్‌కి వాయిదా తీసుకోవచ్చు, అది జీవితంలో ఒక్కసారే, పైగా లైసెన్స్ ఉండే పెద్దోళ్ళు ఎవరైనా పక్కనే ఉండాల.

లైసెన్స్ ఆన్‌లైన్లో కొనొచ్చు, లేదంటే స్పోర్ట్స్ సామాన్లు అమ్మే షాపుల్లో కౌంటర్ దగ్గర ఇస్తారు. ఐడీ, సోషల్ సెక్యూరిటీ నంబర్ అడుగుతారు. నేను బోల్తా పడింది ఇక్కడే. టెక్సాస్ డ్రైవింగ్ లైసెన్స్ జేబులో ఉంది కదా రెసిడెంట్ అయిపోయినట్టే అనుకోని పోయినా, కౌంటర్‌లో ఆమె "ఈ స్టేట్‌కి ఎప్పుడొచ్చినారు" అని అడిగింది, ఐదు నెలలైందని నిజం చెప్పినా. అప్లై చేసే రోజుకి వరసగా ఆరు నెలలు దాటి అక్కడే ఉండుంటేనే రెసిడెంట్ అంట, అప్పుడు 25 డాలర్లు, లేదంటే 315. ఆ తేడా చూసి నోరు మూసుకోని ఇంటికొచ్చి నెల ఆగి మళ్ళీ పోయినా. చుట్టం చూపుగా పోయే మన అమ్మానాన్నలకి కూడా ఆ 315 రేటే. అక్కడ 48 డాలర్లకి ఐదు రోజుల లైసెన్స్ ఒకటి కనపడతాది, చవగ్గా ఉందని కొనేయొద్దు, అది జింకకి చెల్లదు.

విల్లుకి విడిగా ఆర్చరీ ఎండార్స్‌మెంట్ అని అదనపు అనుమతి, దానికి ఇంకో 7 డాలర్లు. చాలామంది లైసెన్స్ కొనేసి దీన్ని మర్చిపోతారు, విల్లు సీజన్లో అది లేకుండా వేటకి పోతే ఫైన్ పడతాది. చేపలు కూడా పట్టుకుంటాం అంటే 68 డాలర్ల సూపర్ కాంబో తీసుకోండి, అన్నీ అందులోనే వచ్చేస్తాయి. ఇవన్నీ నేను కొన్నప్పటి రేట్లు, కట్టే ముందు డిపార్ట్‌మెంట్ సైట్లో ఒకసారి చూసుకోండి. కొత్త సంవత్సరం లైసెన్సులు ఆగస్టు మధ్యలో అమ్మకానికొస్తాయి, అవి ఎప్పుడు కొన్నా ఆ లైసెన్స్ సంవత్సరం ముగిసే ఆగస్టు 31తో అయిపోతాయి, అందుకని జూలైలో కొనడం దండగ. విల్లు సీజన్ సెప్టెంబర్ ఆఖర్లో మొదలై నవంబర్ మొదట్లో ముగుస్తాది, సుమారుగా ఐదు వారాలు.

చేతిలో లైసెన్స్ ఉందని ఎవరి పొలంలోకి పడితే వాళ్ళ పొలంలోకి పోకూడదు, టెక్సాస్‌లో భూమంతా దాదాపు ప్రైవేటే, ఓనర్ ఒప్పుకోవాల. తెలిసినోళ్ళ రాంచ్ (పెద్ద ప్రైవేటు పశువుల పొలం) లేనోళ్ళు డిపార్ట్‌మెంట్ పెట్టే డ్రాకి అప్లై చేసుకోవచ్చు, మన శ్రీవారి సేవల లక్కీ డిప్ మాదిరే అనుకోండి, పేరొస్తే వచ్చినట్టు లేదంటే మళ్ళీ వచ్చే ఏడాదే. మాకు ఫ్రెండు ఆఫీసులో పెద్దాయన రాంచ్ దొరికింది.

సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకానే వేట. మేం చీకట్లోనే నడుముకి బెల్టు కట్టుకోని చెట్టు మీద స్టాండ్ ఎక్కినాం, ముగ్గురం మూడు చెట్లు. ఏడున్నరకి ఒక ఆడ జింక నా కిందికే వచ్చి చెవులు తిప్పతా నిలబడింది, ఇరవై గజాలు కూడా లేదు. అలిపిరి మెట్ల దారిలో పార్కు కంచె సందులోంచి ముక్కు బయటికి పెట్టే జింక గుర్తొచ్చి నా చెయ్యి లేవనే లేదు, ఫ్రెండ్స్ ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. కొట్టినోడు మాత్రం బాణం తగిలినాక అరగంట కిందికి దిగలేదు, వెంటనే వెంటపడితే దెబ్బ తిన్న జంతువు ఇంకా దూరం పరిగెత్తతాది అంట, తర్వాత ఆకుల మీద రక్తం చుక్కలు చూసుకుంటా పోతే వాగు పక్కన పడుంది.

అప్లికేషన్ పని ఇక్కడితో అయిపోలేదు. లైసెన్స్ కాగితానికే జింక ట్యాగులు, అంటే కొట్టిన జింకకి కట్టే చీటీలు, ఉంటాయి, జింక దొరికిన వెంటనే, ఇంగా అక్కడ్నుంచి కదపక ముందే, ఒకటి చించి రాంచ్ పేరు, కౌంటీ (మన జిల్లా లాంటిది) పేరు పెన్నుతో రాసి, నెల, తేదీ ఉండే గడులు చాకుతో కోసి తీసేయాల, పెన్నుతో కొట్టేస్తే చెల్లదు. వాడు చేతులు వణకతా కోస్తాంటే నేను కాగితం పట్టుకున్నా. ఆ ట్యాగు జింకకి కట్టి, లైసెన్స్ వెనక ఉండే హార్వెస్ట్ లాగ్ (కొట్టిన జింకల లెక్క రాసే పట్టీ) నింపాల. పెన్ను, చిన్న చాకు జేబులోనే పెట్టుకోండి, మా ముగ్గురికీ కలిపి ఉండింది ఒకే పెన్ను, అది కూడా చలికి రాయలేదు, నోట్లో పెట్టి ఊదతా రాసినాం.