మన వీధిలో ఎవరెవరు? నగరాల లెక్క, 3వ పాఠం: "డి" వేయడం

పోయిన పాఠంలో సెన్సస్ సైటు నుంచి బెంగళూరు వార్డుల ఎక్సెల్ షీటు దించుకోవడం దాకా వచ్చాం. ఇంకా దాన్ని తెరవని వాళ్ళు కంగారు పడొద్దు, ఈ పాఠంలో మూడొంతులు కాగితం, పెన్ను పనే, షీటు చివర్లో కావాలి. ఈసారి నేర్చుకునేది ఒకటే లెక్క. ఒక ఊళ్ళో రెండు వర్గాల జనం ఎంత కలిసి ఉంటున్నారు, ఎంత విడివిడిగా ఉంటున్నారు అన్నదాన్ని సున్నాకీ ఒకటికీ మధ్య ఒక్క అంకెలో చెప్పడం, సున్నా అంటే పూర్తిగా కలిసి, ఒకటి అంటే పూర్తిగా విడిగా. దీన్ని డిసిమిలారిటీ ఇండెక్స్ అంటారు, అందరూ పిలిచే పేరు "డి". 1955లో డంకన్ అనే ఇంటిపేరున్న ఇద్దరు అమెరికన్ సోషియాలజిస్టులు రాసిన వ్యాసంతో ఇది స్థిరపడిపోయింది. దీని మీద విమర్శలు బోలెడు వచ్చాయి గానీ ఇప్పటికీ ఎవరు సెగ్రిగేషన్ (వర్గాలు విడివిడిగా బతకడం) గురించి మాట్లాడినా ముందు దీంతోనే మొదలుపెడతారు, కారణం సింపుల్, కూడికలు, భాగహారాలు వస్తే చాలు.

లెక్కలోకి దిగేముందు ఒకటి తేల్చుకోవాలి. "బెంగళూరులో అన్ని రకాలవాళ్ళూ ఉంటారండీ, ఇక్కడ ఆ తేడాలేం ఉండవు" అనే మాట మీరు వినే ఉంటారు. అందులో మొదటి సగం నిజం. 2011 జనగణనలో బెంగళూరు జిల్లాలో కన్నడం మాతృభాష అని చెప్పినవాళ్ళు సగానికి లోపే, మిగతా అంతా తెలుగు, తమిళం, ఉర్దూ, హిందీ, మలయాళం, మరాఠీ వగైరా. కానీ మొదటి సగం నిజమైనంత మాత్రాన రెండో సగం నిజమైపోదు. ఊరు మొత్తం మీద ఎన్ని రకాల జనం ఉన్నారన్నది వైవిధ్యం, వాళ్ళంతా ఒకే వీధిలో ఉన్నారా లేక ఎవరి పేట వాళ్ళదా అన్నది సెగ్రిగేషన్. పులిహోర గిన్నెలో వేరుశనగలు ఎన్ని వేశారన్నది ఒక సంగతి, గరిటె గరిటెకీ ఎన్ని వస్తాయన్నది ఇంకో సంగతి, పల్లీలన్నీ ఒక మూలకి చేరిపోయినా గిన్నె లెక్క మాత్రం మారదు.

వైవిధ్యం, సెగ్రిగేషన్ ఒకదానికొకటి ఎంత దూరం పోగలవో చూడాలంటే షికాగో చూడాలి. 2020 లెక్కల్లో ఆ నగరంలో తెల్లవాళ్ళు, లాటినోలు, నల్లవాళ్ళు ఇంచుమించు తలా 30 శాతం దగ్గర ఉన్నారు. ఇంతకంటే సమంగా పంచుకున్న పెద్ద ఊరు దొరకడం కష్టం. అదే షికాగో మహానగర ప్రాంతంలో 2010 లెక్కల ప్రకారం నల్లవాళ్ళకీ తెల్లవాళ్ళకీ మధ్య డి 0.75 దగ్గర, అంటే అమెరికాలోకెల్లా ఎక్కువ ఉన్న ఊళ్ళలో ఒకటి. ఇదేదో దానంతటదే జరిగింది కాదు. 1930ల్లో ప్రభుత్వ సంస్థే నల్లవాళ్ళుండే పేటలకి మ్యాపుల్లో ఎర్ర రంగు వేసి అక్కడి ఇళ్ళకి అప్పులివ్వడం రిస్కు అని ముద్ర కొట్టింది, నల్లవాళ్ళకి అమ్మం అని ఇళ్ళ దస్తావేజుల్లోనే రాసుకునేవాళ్ళు, ఆ షరతుల్ని కోర్టులు అమలు చేయకూడదని సుప్రీంకోర్టు 1948లో చెబితే, ఇళ్ళ అమ్మకాల్లో, అద్దెల్లో వివక్ష చూపకూడదన్న చట్టం 1968కి గానీ రాలేదు.

మన బెంగళూరు పాత పటం కూడా ఏం తక్కువ కాదు. పేటెలో, అంటే పాత ఊళ్ళో, కుంబారపేటె, గాణిగరపేటె, తిగళరపేటె అని వృత్తి, కులం పేర్లే వీధుల పేర్లు. 1809లో ఇంగ్లీషువాళ్ళు కంటోన్మెంటు పెట్టాక ఊరు రెండు ఊళ్ళయింది, ఇటు పేటె, అటు దండు (కంటోన్మెంటు), రెండింటికీ వేరు వేరు పాలన, 1949లో గానీ ఒకే కార్పొరేషన్ కిందికి రాలేదు. ఇప్పటి మ్యాపులో ఆ గీత కనపడదు, కనపడనంత మాత్రాన పోయిందా లేదా అన్నది లెక్క వేస్తే గానీ తెలియదు కదా, అందుకే ఈ తంటా.

సరే, కాగితం తీయండి. నాలుగు వార్డులున్న ఒక ఊహా ఊరు అనుకుందాం, అంకెలన్నీ లెక్క తేలిగ్గా ఉండటానికి నేను పెట్టినవే. తెలుగువాళ్ళు మొత్తం 400 మంది, కన్నడిగులు 1000 మంది.

1వ వార్డు: తెలుగు 200, కన్నడ 100
2వ వార్డు: తెలుగు 100, కన్నడ 200
3వ వార్డు: తెలుగు 60, కన్నడ 300
4వ వార్డు: తెలుగు 40, కన్నడ 400

ఇక్కడ జాగ్రత్త. "1వ వార్డులో తెలుగువాళ్ళు ఎంత శాతం" అని కాదు అడగాల్సింది. "ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళందరిలో ఎంత వాటా 1వ వార్డులో ఉంది" అని అడగాలి. అంటే 200ని 300తో కాదు, 400తో భాగించాలి. కొత్తగా నేర్చుకునేవాళ్ళలో నూటికి తొంభై మంది జారేది ఇక్కడే, ఇది పట్టుకుంటే మిగతాది నల్లేరు మీద నడక. తెలుగు వాటాలు వరసగా 0.50, 0.25, 0.15, 0.10. కన్నడ వాటాలు 0.10, 0.20, 0.30, 0.40. ఏ వరస కూడినా 1 రావాలి, రాకపోతే అక్కడే ఆగి వెనక్కి చూసుకోండి. ఇప్పుడు వార్డు వార్డుకీ ఆ రెండు వాటాల తేడా తీయండి, ప్లస్సో మైనస్సో పట్టించుకోవద్దు: 0.40, 0.05, 0.15, 0.30. కూడితే 0.90. అందులో సగం 0.45. అదే డి.

సగం ఎందుకంటే, ఒక వార్డులో ఎక్కువైంది ఇంకో వార్డులో తక్కువై మళ్ళీ కనిపిస్తుంది, ఒకే తేడాని రెండుసార్లు లెక్కపెట్టాం కాబట్టి.

మరి 0.45 అంటే అర్థం ఏమిటి? తెలుగువాళ్ళు అన్ని వార్డుల్లోనూ కన్నడిగుల లాగే పరుచుకుని ఉండాలంటే వాళ్ళలో 45 శాతం మంది ఇల్లు మారాలి అని. సరిచూడండి. కన్నడిగుల వాటాల ప్రకారం 400 మందిని పంచితే 40, 80, 120, 160 రావాలి. 1వ వార్డు నుంచి 160 మంది, 2వ వార్డు నుంచి 20 మంది కదలాలి, మొత్తం 180, 400లో అది సరిగ్గా 45 శాతం. మామూలుగా 0.30 లోపు ఉంటే తక్కువ, 0.60 దాటితే ఎక్కువ, మధ్యలోది మధ్యరకం అంటారు. ఈ హద్దులు అమెరికా ఊళ్ళని చూసి అలవాటుగా వాడుతున్నవి, శాసనం కాదు, మన ఊళ్ళకి గుడ్డిగా అతికించొద్దు.

ఇప్పుడు అసలు సంగతి, ఈ పాఠంలో ఒక్కటే గుర్తుంటుందంటే ఇది గుర్తుంచుకోండి. ఆ 2వ వార్డు చూశారా, 100, 200, తేడా 0.05 మాత్రమే, చూడ్డానికి చక్కగా కలిసిపోయిన వార్డు. ఆ వార్డుని మధ్యలో ఒక మెయిన్ రోడ్డు రెండుగా చీలుస్తోంది అనుకుందాం. రోడ్డుకి ఇటు తెలుగు 100, కన్నడ 20. అటు తెలుగు సున్నా, కన్నడ 180. వాటాలు మళ్ళీ తీయండి. ఇటు ముక్కకి 0.25, 0.02, తేడా 0.23. అటు ముక్కకి 0, 0.18, తేడా 0.18. పాత 0.05 స్థానంలో ఇప్పుడు 0.41 వచ్చింది. మొత్తం 1.26, సగం 0.63. ఎవ్వరూ ఇల్లు మారలేదు, ఒక్క సామాన్ల లారీ కూడా కదల్లేదు, మనం గీత మార్చి గీశాం అంతే, ఊరు మధ్యరకం నుంచి "ఎక్కువ" లోకి పోయింది. కాబట్టి ఎవరైనా మీ ముందు "ఫలానా నగరం డి ఇంత" అంటే మొట్టమొదట అడగాల్సిన ప్రశ్న, యూనిట్ ఏది అని. వార్డా, వీధా, బిల్డింగా?

బెంగళూరుకి ఇది చాలా ముఖ్యం. 2011లో 84 లక్షల పైచిలుకు జనానికి 198 వార్డులు, అంటే సగటున వార్డుకి 42 వేల మంది, అదొక చిన్న పట్నం. ఏ వార్డు తీసుకున్నా అందులోనే ఒక బీడీఏ (నగరాభివృద్ధి సంస్థ) లేఔటు, దాని వెనక ఒక పాత హళ్ళి (పల్లె), రాజకాలువె (పెద్ద వాననీటి కాలువ) పక్కన ఒక స్లమ్, గేటు వేసిన ఒక అపార్టుమెంటు, అన్నీ కలిపి ఒకే వరసలో పడతాయి. జనగణనకి ఇంటింటికీ తిరిగే ఒక్కో ఎన్యూమరేటరుకి అప్పగించే బ్లాకు అయితే సుమారు 600 నుంచి 800 మంది. బెంగళూరు ఐఐఎం పరిశోధకులు 2011 బ్లాకుల లెక్కలతో మన పెద్ద నగరాలని చూసినప్పుడు తేలింది కూడా ఇదే, కులాల మధ్య ఎడం చాలావరకు వార్డుల లోపలే ఉంది, వార్డు అంకెలు దాన్ని మింగేస్తున్నాయి. అంతకుముందు 2001 వార్డుల లెక్కలతో ఏడు పెద్ద నగరాల మీద వచ్చిన ఇంకో అధ్యయనంలో, ఆర్థిక స్థితిని బట్టి ఉన్న ఎడం కన్నా కులాన్ని బట్టి ఉన్న ఎడమే ఎక్కువని తేలింది. వార్డు అనే అంత పెద్ద గరిటెతో తీసినా అది కనపడిందంటే ఆలోచించుకోండి.

అలాగని యూనిట్ ఎంత చిన్నదైతే అంత నిజం అనుకోవద్దు, అక్కడ ఇంకో గొయ్యి ఉంది. ఒక వర్గంవాళ్ళు ఊరు మొత్తం మీద పదిమందే ఉన్నారనుకోండి, సమానమైన వంద వీధులున్నాయి. పదిమందీ పది వేర్వేరు వీధుల్లో, ఇంతకంటే చెదరలేనంతగా చెదిరి ఉన్నారు. డి వేయండి, 0.90 వస్తుంది! ఎవరూ ఎవరినీ దూరం పెట్టలేదు, వంద వీధులకి పదిమంది సరిపోలేదు, అంతే. కాబట్టి చిన్న వర్గం, చిన్న యూనిట్ రెండూ కలిసి వచ్చినప్పుడు పెద్ద డి చూసి గుండెలు బాదుకోవద్దు.

డి చెప్పలేనిది ఇంకొకటి, కారణం. మారతహళ్ళి వైపు తెలుగు పీజీలు వీధికొకటి ఎందుకున్నాయంటే ఊరి నుంచి వచ్చిన పిల్లలకి పప్పు, గోంగూర, మన మాట కావాలి, అది ఇష్టం. "ప్యూర్ వెజ్ ఓన్లీ" బోర్డు, పది నెలల అడ్వాన్సు చేతిలో పెట్టుకుని వెళ్ళినా "మీరేమిట్లు అండీ" అని ఒక ప్రశ్న, తర్వాత "ఇల్లు వేరేవాళ్ళకి మాటిచ్చేశాం" అనే జవాబు, అది ఇష్టం కాదు, గెంటివేత. రెండూ లెక్కలో ఒకేలా కనిపిస్తాయి. అంకె వచ్చాక కాళ్ళకి చెప్పులేసుకుని వీధిలోకి పోవాల్సిందే, నా దృష్టిలో దానికి షార్ట్‌కట్ లేదు.

ఇక షీటు. మీరు దించిన ఫైల్లో జిల్లా వరస, తాలూకా వరస, పట్నం వరస, వార్డు వరస అన్నీ కలగాపులగంగా ఉంటాయి. లెవెల్ అనే కాలమ్‌లో వార్డు ఒక్కటే ఉండేలా ఫిల్టర్ పెట్టి, బీబీఎంపీ (అప్పటి బెంగళూరు కార్పొరేషన్) వరసలు మాత్రం కొత్త షీటులోకి కాపీ చేసుకోండి. ఇది చేయకుండా కూడితే ఒకే మనిషి నాలుగుసార్లు లెక్కకి వస్తాడు. వార్డులు 198 ఉండాలి, మొత్తం జనాభా 84 లక్షల పైచిలుకు రావాలి. వార్డులు ఎక్కువ వస్తే ఒకే వార్డు రెండు ముక్కలుగా పడిందేమో చూసి కలపండి. 2025లో బీబీఎంపీ పోయి ఐదు కార్పొరేషన్లు వచ్చాయి కాబట్టి కొత్త వార్డుల మ్యాపుతో వీటిని పోల్చే ప్రయత్నం చేయొద్దు, తల తిరుగుతుంది.

ఎ కాలమ్‌లో వార్డు, బిలో ఎస్సీ జనాభా, సిలో మొత్తంలోంచి ఎస్సీ తీసేసిన మిగతా జనాభా. 200వ వరసలో బి, సి మొత్తాలు. డి కాలమ్‌లో (ఇది ఇండెక్స్ డి కాదు) బి2ని బి200తో భాగించండి, 200 ముందు డాలరు గుర్తు పెట్టడం మర్చిపోతే కిందికి లాగినప్పుడు ఫార్ములా జారిపోతుంది. ఈలో సికి అలాగే. ఎఫ్‌లో డి, ఈ కాలమ్‌ల తేడా ఏబీఎస్ ఫంక్షన్‌లో (మైనస్ గుర్తు తీసేసేది) పెట్టి రాయండి. ఎఫ్ మొత్తం కూడి రెండుతో భాగిస్తే అయిపోయింది.

భాష, మతం ఎందుకు వేయకూడదు, తెలుగువాళ్ళ డి ఎంతో చూద్దాం అని అడిగేవాళ్ళుంటారు. జనగణన వార్డు స్థాయిలో బయటపెట్టేది ఎస్సీ, ఎస్టీ అంకెలే, మతం, భాష వార్డు వారీగా ఇవ్వదు. ఓటరు జాబితాలో పేర్లు చూసి ఎవరు ఏమిట్లో ఊహించి లెక్క కట్టేవాళ్ళు ఉన్నారు. పరిశోధన సంస్థలకి దానికి పద్ధతులూ నియమాలూ ఉంటాయి, మీరు మాత్రం మీ వీధివాళ్ళ మీద ఆ పని చేయొద్దు. 2027 జనగణనలో అందరి కులాలూ అడుగుతామన్నారు, అది ఏ స్థాయి దాకా బయటపెడతారన్నదాని మీద మన తర్వాతి లెక్కలు ఆధారపడతాయి.

హోంవర్క్ రెండు. ఒకటి, 198 వార్డులకి ఎస్సీ, మిగతావాళ్ళ మధ్య డి వేసి, ఎఫ్ కాలమ్‌లో పెద్ద అంకెలు వచ్చిన పది వార్డులు ఏ మూల ఉన్నాయో మ్యాపులో గుర్తు పెట్టండి. రెండోది, వరస నంబర్ల వార్డులు రెండేసి కలిపి 99 యూనిట్లు చేసి డి మళ్ళీ వేయండి. యూనిట్లు కలిపితే డి తగ్గుతుంది, లేదా అలాగే ఉంటుంది, పెరిగే అవకాశమే లేదు, కాబట్టి మీకు పెరిగిందంటే డాలరు గుర్తు దగ్గరకి వెళ్ళి చూడండి. వచ్చే పాఠానికి ఒక చదరంగం బల్ల, రెండు రకాల చిల్లర నాణేలు ఓ ఇరవై చొప్పున దగ్గర పెట్టుకోండి.