వినైల్ క్లోరైడ్ దగ్గర ఆగిపోయిందా? కల్చర్ మార్చే ముందు నీళ్లు చూడండి

బెంగళూరు పీణ్య వైపు భూగర్భ జలాలు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తాను. హిందూపురం, మదనపల్లె నుంచి వచ్చిన జూనియర్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "అక్కా, సీసాలో టీసీఈ తగ్గడం ఆగిపోయింది. కొత్త కల్చర్ తెప్పిద్దామా?" కల్చర్ అంటే సీసాలోని నీళ్లకు మనం ఎక్కించే, టీసీఈని విరిచే బాక్టీరియా. వద్దంటాను. చాలాసార్లు తప్పు బాక్టీరియాది కాదు, మనం వాటికిచ్చిన నీళ్లది.

టీసీఈ అంటే ట్రైక్లోరోఎథిలీన్, లోహపు భాగాలకున్న గ్రీజు వదలగొట్టే ద్రావకం. గాలి తగలని చోట కొన్ని బాక్టీరియా దాంట్లోని క్లోరిన్లను ఒక్కొక్కటిగా ఊడదీస్తాయి. టీసీఈ కాస్తా డీసీఈ (డైక్లోరోఎథిలీన్), తర్వాత వినైల్ క్లోరైడ్, ఆఖరికి ఎథిలీన్ అవుతుంది. ఎథిలీన్ పళ్లు పండేటప్పుడు వచ్చే వాయువే, దాంతో భయం లేదు. వినైల్ క్లోరైడ్ మాత్రం మనుషుల్లో కేన్సర్ తెస్తుందని రుజువైన రసాయనం. పని అక్కడ ఆగిపోతే బోరు నీళ్లు తాగేవాళ్లకు మనం కొత్త ప్రమాదం తెచ్చిపెట్టినట్టే.

సమస్య: సీసా గులాబీ రంగులో ఉంది

ఆక్సిజన్ ఉందో లేదో రంగుతో చూపించే రెసజురిన్ వేసిన నీళ్లు మొదట నీలంగా ఉండి, గులాబీకి మారి, ఆక్సిజన్ పూర్తిగా పోయాక రంగు కోల్పోతాయి. సీసాను వెలుతురుకు ఎత్తి పట్టుకుని, నీటి పైఅంచు చూడండి. అక్కడ సన్నటి గులాబీ గీత ఉందంటే బిరడా దగ్గర గాలి దూరుతోంది. బిరడా మార్చి, పైనున్న ఖాళీని ఆక్సిజన్ లేని గ్యాస్‌తో కడిగి, మిగిలిన ఆక్సిజన్‌ను లాగేసే సిస్టీన్ కొద్దిగా వేయండి. రంగు పోయేదాకా కల్చర్ ఎక్కించొద్దు.

సమస్య: రంగు పోయింది, అయినా టీసీఈ కదలడం లేదు

నైట్రేట్ కొలవండి. మురుగు ఇంకిన చోట బోరు నీళ్లలో ఇది మామూలే. టీసీఈని ఎథిలీన్ దాకా తీసుకెళ్లడానికి ఒక్కో అణువుకు 6 ఎలక్ట్రాన్లు కావాలి. తాగునీటికి మన దేశంలో నైట్రేట్ పరిమితి లీటరుకు 45 మిల్లీగ్రాములు. ఆ మాత్రం నైట్రేట్ ఉన్నా, లీటరుకు 1 మిల్లీగ్రాము టీసీఈకి కావాల్సినదానికి దాదాపు 80 రెట్లు ఎలక్ట్రాన్లు అదే లాగేసుకుంటుంది. అంటే మీరు టీసీఈ కోసం బాక్టీరియాకు మేతగా వేసిన లాక్టేట్ (పులిసి హైడ్రోజన్ రూపంలో ఎలక్ట్రాన్లు ఇచ్చేది) అంతా నైట్రేట్ తినేసింది. టీసీఈని మాత్రమే లెక్కేసి మేత వేయడం నేను చూసిన తప్పుల్లో అన్నిటికన్నా మామూలుది. నైట్రేట్, సల్ఫేట్, కరిగిన ఆక్సిజన్, మూడింటినీ లెక్కలో కలిపి మళ్లీ వేయండి.

అలాగని ఒకేసారి గుమ్మరించకండి. లాక్టేట్ ఎక్కువైతే హైడ్రోజన్ పొంగిపోయి, మీథేన్ చేసే జీవులు పండగ చేసుకుంటాయి. క్లోరిన్ తీసే బాక్టీరియాకు చాలా తక్కువ హైడ్రోజన్‌తోనే బతకగలగడం కలిసొచ్చే విషయం. అందుకే నెమ్మదిగా పులిసే మేత, అంటే నీళ్లలో చిలికిన సోయా నూనె లాంటిది, వాటికి అనుకూలం.

సమస్య: డీసీఈ దగ్గరో, వినైల్ క్లోరైడ్ దగ్గరో ఆగింది

ముందు పీహెచ్ చూడండి. ఊడిన ప్రతి క్లోరిన్‌తో పాటు ఆమ్లం పుడుతుంది, మేత పులిసినా ఆమ్లమే. చవకని మొలాసిస్ పోసిన చోట ఇది మరీ వేగంగా జరుగుతుంది. చివరి మెట్టు దాటించే డీహాలోకోకోయిడిస్ అనే బాక్టీరియాకు 6.8 నుంచి 7.5 మధ్య హాయిగా ఉంటుంది, 6 కిందకు దిగితే దాదాపు చేతులెత్తేస్తుంది. మందు సోడియం బైకార్బనేటే, మన వంట సోడా. గాలి తీసేసిన నీళ్లలో కలిపి కొంచెం కొంచెంగా వేస్తూ, మధ్యమధ్యలో పీహెచ్ కొలవండి. కాస్టిక్ సోడా జోలికి పోవద్దు, ఒక్క చుక్క ఎక్కువైనా అవతలి గట్టుకు చేరుస్తుంది. పీహెచ్ సర్దుకున్నాక కూడా కోలుకోవడానికి వారాలు పడుతుంది. టెన్షన్ పడి మూడో రోజే సీసా పారేయకండి.

పీహెచ్ ఎక్కువైనా చిక్కే. ఒకసారి మా దగ్గర కార్బన్ డయాక్సైడ్ కలిపిన గ్యాస్ సిలిండర్ అయిపోతే, నేను ఉత్త నైట్రోజన్‌తో సీసాలు కడిగాను. నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి పీహెచ్ 8 దాటింది. రెండు వారాలు కల్చర్‌ని అనుమానించాక గానీ నా తప్పు నాకు తెలియలేదు. బైకార్బనేట్ కలిపిన మీడియానికి (బాక్టీరియా పెరిగే నీళ్లకు) 80 పాళ్లు నైట్రోజన్, 20 పాళ్లు కార్బన్ డయాక్సైడ్ ఉన్న గ్యాసే వాడండి.

పీహెచ్ బాగుంటే, క్లోరోఫామ్ ఉందేమో చూడండి. కొద్దిగా ఉన్నా చివరి మెట్టును అడ్డుకుంటుంది. తర్వాత బీ12 విటమిన్ వేశారా అన్నది. డీహాలోకోకోయిడిస్ దాన్ని సొంతంగా తయారుచేసుకోలేదు. ఇవన్నీ సరిగా ఉన్నాకే, వినైల్ క్లోరైడ్‌ను ఎథిలీన్‌గా మార్చే వీసీఆర్ఏ జన్యువు పరీక్షకు డబ్బు పెట్టండి. అది లేదని తేలితే, అప్పుడు కొత్త కల్చర్ తెప్పించడం న్యాయం.

సమస్య: నీళ్లు నల్లబడి, కుళ్లిన గుడ్ల వాసన

సల్ఫేట్ కాస్తా సల్ఫైడ్ అయింది. నల్లదనం ఐరన్ సల్ఫైడ్, అంటే సల్ఫైడ్‌ను ఇనుము పట్టేసింది కాబట్టి మంచిదే. వాసన ఘాటుగా ఉంటే మాత్రం విడి సల్ఫైడ్ బాక్టీరియాకు విషం. కొద్దిగా ఫెర్రస్ క్లోరైడ్ వేస్తే దాన్ని పట్టేస్తుంది. అదీ పీహెచ్‌ని దించుతుంది కాబట్టి వెంటనే కొలవండి. ఆ సీసాను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడొద్దు.

సమస్య: ఆటోక్లేవ్ చేసిన సీసాలో కూడా టీసీఈ తగ్గుతోంది

ఆటోక్లేవ్ అంటే ఆవిరి ఒత్తిడిలో ఉడికించి బాక్టీరియాను చంపేయడం, కాబట్టి ఇది సంతోషించాల్సిన ఫలితం కాదు. డీసీఈ గానీ ఎథిలీన్ గానీ పెరగలేదంటే టీసీఈ బయటికి పోయింది, లేదా రబ్బరులోకి ఇంకింది. బిరడా తిప్పి చూసి సూదిపోట్లు లెక్కపెట్టండి. టెఫ్లాన్ పొర ఉన్న కొత్త బిరడా పెట్టి, సీసాను తలకిందులుగా నిలబెట్టి, ఆ వారం అంకెలు పక్కన పడేసి మళ్లీ మొదలుపెట్టండి.