ప్యాచ్ మనమే వేయాలా, అప్‌స్ట్రీమ్ కోసం ఆగాలా?

డెబియన్ లాంటి లినక్స్ డిస్ట్రోల్లో సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు చూసుకునేవాళ్లకు ఒక మాట. సెక్యూరిటీ లోపానికి అప్‌స్ట్రీమ్‌లో (ఆ సాఫ్ట్‌వేర్‌ను అసలు రాసే ప్రాజెక్టులో) ఫిక్స్ చేరినా కొత్త రిలీజ్ ఇంకా రాలేదా? ఆగొద్దు, ఆ కమిట్‌నే (ఆ కోడ్ మార్పునే) తెచ్చి బ్యాక్‌పోర్ట్ చేసేయండి, అంటే మన దగ్గరున్న పాత వెర్షన్‌లో కలిపేయండి. బిల్డ్ ఫెయిలవడం, ఫైల్ పాత్‌లు మన డిస్ట్రోకు కుదరకపోవడం లాంటివీ లోకల్‌గా సర్దుకోవచ్చు.

ప్రోగ్రామ్ నడిచే తీరునే మార్చే ప్యాచ్ (కోడ్ సవరణ) అయితే మాత్రం, ముఖ్యంగా క్రిప్టో (ఎన్‌క్రిప్షన్) కోడ్‌లో, అప్‌స్ట్రీమ్ వాళ్లు రివ్యూ చేసి తీసుకునేదాకా చెయ్యి పెట్టకండి. 2006లో డెబియన్ ఓపెన్‌ఎస్ఎస్ఎల్ (ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ) ప్యాకేజీలో వాల్‌గ్రైండ్ (మెమరీ తప్పులు పట్టే టూల్) హెచ్చరికలు పోవాలని కొంత కోడ్ తీసేశారు. దాంతో ర్యాండమ్ నంబర్లకు ప్రాసెస్ ఐడీ (నడుస్తున్న ప్రోగ్రామ్‌కు సిస్టమ్ ఇచ్చే నంబరు) ఒక్కటే ఆధారంగా మిగిలింది. ఆ నంబర్లతో తయారయ్యే ఎన్‌క్రిప్షన్ కీల్లో ఒక్కో రకం, ఒక్కో సైజు కీకి సుమారు 32,768 అవకాశాలే! 2008 మేలో బయటపడేదాకా అలాంటి కీలు తయారవుతూనే ఉన్నాయి. అప్‌స్ట్రీమ్ మెయిలింగ్ లిస్టులో ముందు అడిగారు కూడా, కానీ ఆ ప్యాచ్ అప్‌స్ట్రీమ్ కోడ్‌లో చేరలేదు. అడగడం వేరు, చేర్పించడం వేరు.

లోకల్ ప్యాచ్ ఏదైనా సరే, వేసిన రోజే అప్‌స్ట్రీమ్‌కు పంపండి. డెబియన్‌లో అయితే ప్యాచ్ ఫైల్ పైభాగంలో ‘ఫార్వర్డెడ్’ ఫీల్డ్ ఉంటుంది, పంపిన చోటి లింకు అందులో పెట్టండి. కొత్త వెర్షన్ వచ్చినప్పుడు ఆ ప్యాచ్ ఇంకా అవసరమో కాదో ఎవరైనా ఇట్టే తేల్చుకుంటారు.