నాలుగైదేళ్ల పిల్లల ఫుట్‌బాల్: గ్రౌండ్‌లో వచ్చే సమస్యలు, వాటికి పరిష్కారాలు

అపార్ట్‌మెంట్‌లోనో కాలనీలోనో వీకెండ్ ఫుట్‌బాల్ మొదలుపెట్టి, నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లల్ని ఆడిస్తున్న అమ్మానాన్నల కోసం, కొత్త కోచ్‌ల కోసం రాస్తున్నా. ఈ వయసులో వచ్చే లొల్లి సగానికి పైగా మనం చేసిన ఏర్పాట్ల వల్లే వస్తది, అందుకే పిల్లల్ని కోప్పడే ముందు బాల్ సైజు, ఆడే టైమ్, ఒక్కొక్కరు ఎంతసేపు ఖాళీగా నిలబడుతున్నారు, ఇవి మూడూ చూడండి.

లైన్‌లో నిలబెడితే తోసుకుంటున్నారు, కొందరు కూర్చుని గడ్డి పీకుతున్నారు

కారణం ఆ లైనే. పది మందిని వరసలో పెట్టి ఒక్కొక్కరితో షాట్ కొట్టిస్తే మిగతా తొమ్మిది మందికి పనే ఉండదు, నాలుగేళ్ల పిల్లాడు ఊరికే నిలబడలేడు కదా. తలా ఒక బాల్ ఇవ్వండి, ఇంటినుంచి తెచ్చుకోమంటే చాలామంది తెస్తారు, లేనోళ్లకి మామూలు రబ్బరు బంతైనా పర్లేదు. ఇక ఆట విషయానికొస్తే మనకి తెలిసిన నేల-బండనే వాడుకోండి, నేను చూసినంతలో దీన్ని మించింది లేదు. కోన్లతో (కోన్లు లేకపోతే చెప్పులు, వాటర్ బాటిళ్లు) అక్కడక్కడా చిన్న చిన్న గుండ్రాలు పెట్టండి, అవి బండలు, మిగతాదంతా నేల. అందరూ బాల్‌ని మెల్లగా తన్నుకుంటూ నేల మీద తిరగాలి, దొంగ వస్తుంటే బాల్‌తో సహా బండలోకి వెళ్లిపోవాలి, బాల్ వదిలేసి తాను ఒక్కడే ఎక్కితే ఔట్. ఔటైనోళ్లని పక్కన కూర్చోబెట్టొద్దు, ఆటలో ఎక్కువ ప్రాక్టీస్ కావాల్సింది వాళ్లకే, కాబట్టి బాల్‌ని ఐదుసార్లు అరికాలితో తాకి మళ్లీ లోపలికి వచ్చేయమనండి. బాల్‌ని దగ్గర పెట్టుకోవడం, తలెత్తి చూడడం, ఆపడం, తిరగడం అన్నీ ఇందులోనే వచ్చేస్తాయి. రూల్స్ మాత్రం అరనిమిషం కంటే ఎక్కువ చెప్పకండి, ఒకసారి చేసి చూపించి మొదలుపెట్టేయండి.

మ్యాచ్ పెడితే అందరూ బాల్ చుట్టూ బెల్లానికి చీమలు పట్టినట్టు మూగుతున్నారు

పరేషాన్ అవ్వకండి, ఇది రోగం కాదు. ఈ వయసు పిల్లలకి నేను, నా బాల్ అంతే, ఖాళీ చోటు చూసుకుని నిలబడడం తర్వాత వస్తది. "నువ్వు డిఫెన్స్, అక్కడే ఉండు" అని పెడితే వాడు ఆటకే దూరమైపోతాడు. ఏడుగురు ఏడుగురుగా ఒక్క పెద్ద మ్యాచ్ కాకుండా ముగ్గురు ముగ్గురుగానో నలుగురు నలుగురుగానో రెండు చిన్న మ్యాచ్‌లు పెట్టండి. అమెరికా ఫుట్‌బాల్ సమాఖ్య కూడా చిన్న పిల్లలకి నలుగురు-నలుగురు, గోల్‌కీపర్ లేకుండా, అనే చెప్తుంది. మన దగ్గర గంటల లెక్కన అద్దెకిచ్చే టర్ఫ్‌ని అడ్డంగా రెండు భాగాలు చేస్తే సరిపోతది. గోల్‌కీపర్ వద్దనడం ఎందుకంటే, ఆ పిల్లాడికి బాల్ తగలడమే తక్కువ, గోల్ పడితే ఏడుపు కూడా వాడిదే.

బొటనవేలితో పొడుస్తున్నారు, నొప్పంటున్నారు, బాల్ వస్తే మొహం తిప్పుకుంటున్నారు

ముందు బాల్ మీద నంబర్ చూడండి. ఇంట్లో అన్నయ్య ఆడే 5వ సైజు బాల్ పెద్దోళ్లది, చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, బరువు 410 గ్రాములకి పైనే. చిన్నోళ్లకి 3వ సైజు కావాలి, దాదాపు 60 సెంటీమీటర్లు, బరువు 300 గ్రాముల చుట్టుపక్కల, గాలి కూడా మరీ గట్టిగా కొట్టించొద్దు. వచ్చే ఏడాదికి కూడా పనికొస్తాయని ఒక సైజు పెద్ద బూట్లు కొంటే కాలు లోపల జారుతది, కరెక్ట్ సైజు మామూలు స్పోర్ట్స్ షూ చాలు. హెడర్లు, అంటే తలతో బాల్ కొట్టడం, అసలు నేర్పించొద్దు, అమెరికాలో 10 ఏళ్ల లోపు పిల్లలకి వాటిని ఆపేశారు.

ఒక్కడే బాల్ పట్టుకుని గోల్స్ అన్నీ కొట్టేస్తున్నాడు

"పాస్ ఇవ్వురా" అని వాడి ఆట ఆపొద్దు, బాల్ వదలకపోవడం ఈ వయసులో మంచి లక్షణమే. ఎడమ కాలితోనే ఆడాలని వాడికి ఒక షరతు పెట్టండి. ఇది మన ఊరి పద్ధతే, 1951లో, 1962లో ఆసియా క్రీడల్లో ఇండియాకి గోల్డ్ తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ హైదరాబాద్‌లో బలం లేని కాలితోనే ఆడే టోర్నమెంట్లు పెట్టించేవాడు. డ్రిబ్లింగ్ (బాల్‌ని కాళ్ల దగ్గరే పెట్టుకుని ముందుకి తీసుకెళ్లడం) లేకుండా ఆడించే టోర్నమెంట్లు కూడా ఆయన పెట్టాడు గానీ అది పెద్దోళ్లకి, మన బుడ్డోళ్లకి డ్రిబ్లింగే ముందు కావాలి.

అమ్మ కాలు వదలడం లేదు, ఏడుస్తున్నాడు

కొత్త చోటు, కొత్త అరుపులు, అంతే. అమ్మ చెప్పకుండా జారుకుంటే వచ్చే వారం ఇంకా గట్టిగా పట్టుకుంటాడు. అమ్మని గ్రౌండ్ లోపలే కూర్చోమనండి, వాడికి ఒక పని ఇవ్వండి, "కన్నా, ఆ ఎర్ర కోన్లన్నీ నాకు తెచ్చిపెడతావా" అంటే చాలాసార్లు కదులుతాడు. కదలకపోతే ఆ రోజుకి చూడనివ్వండి.

బయటినుంచి పేరెంట్స్ అరుస్తుంటే పిల్లలు ఆగి అటే చూస్తున్నారు

"కొట్టు, కొట్టు, ఆ పక్కకి" అని డాడీ ఒకటి చెప్తే కోచ్ ఇంకోటి చెప్తాడు, పిల్లాడు ఎవరి మాట వినాలి? పేరెంట్స్‌ని లోపలికి పిలిచి కాళ్లు ఎడంగా పెట్టి గేట్లలా నిలబెట్టండి, పిల్లలు ఎంతమంది కాళ్ల మధ్యనుంచి బాల్ పంపిస్తారో లెక్కపెట్టుకుంటారు. అరుపులు పోయి నవ్వులొస్తాయి.

పావుగంటకే మొహాలు ఎర్రబడి డీలా పడిపోతున్నారు

ఏప్రిల్, మే నెలల్లో మన ఎండ సంగతి తెలిసిందే, పైగా ప్లాస్టిక్ గడ్డి టర్ఫ్ అసలు గడ్డి కంటే చాలా ఎక్కువ వేడెక్కుతది. పొద్దున ఆరున్నరకే మొదలుపెట్టి ముప్పావుగంటలో ముగించండి, దాహం అనేదాకా ఆగకుండా పది నిమిషాలకోసారి నీళ్లు తాగించండి. కళ్లు తిరుగుతున్నాయన్నా, వాంతి చేసుకున్నా వెంటనే నీడకి తీసుకెళ్లి తడిగుడ్డతో తుడవండి, మత్తుగా ఉన్నా తికమకగా మాట్లాడినా ఆలస్యం చేయకుండా హాస్పిటల్‌కి తీసుకెళ్లండి. వానాకాలంలో ఉరుము వినపడితే ఆట ఆపి అందరినీ బిల్డింగ్ లోపలికి పంపించండి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా ఎవర్నీ గ్రౌండ్‌లోకి రానివ్వొద్దు.