జిమ్ ట్రైనర్ సర్టిఫికేషన్ పరీక్ష తప్పితే: రెండోసారి రాసేముందు చేయాల్సిన పని

పరీక్ష తప్పిన మర్నాడే పుస్తకం మొదటి పేజీ నుంచి మళ్ళీ మొదలుపెడతారు చాలామంది. కండరాల అధ్యాయం రెండోసారి చదువుతుంటే అంతా తెలిసినట్టే ఉంటుంది, ధైర్యం వస్తుంది. ఆ ధైర్యంతోనే వెళ్ళి, మొదటిసారి తడబడ్డ చోటే మళ్ళీ తడబడతారు. ట్రైనర్ పరీక్ష కండరాల పేర్లు అప్పజెప్పమని అడగడం తక్కువ. ఒక క్లయింట్ వయసు, వాడే మందులు, కోరిక చెప్పి, ఇప్పుడు నువ్వేం చేస్తావని అడగడమే ఎక్కువ. అందుకని తప్పినప్పుడు వెతకాల్సింది చదవకుండా వదిలేసిన పేజీల కోసం కాదు, తప్పు నిర్ణయం ఎక్కడ తీసుకున్నారో దానికోసం.

ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నది అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎక్సర్‌సైజ్ వారి పర్సనల్ ట్రైనర్ పరీక్ష. జిమ్ భాషలో ఏస్. 150 ప్రశ్నలు, 3 గంటల సమయం. మార్కులు లెక్కలోకి వచ్చేవి 125 ప్రశ్నలకే. మిగతా 25 పరిశీలన కోసం పెట్టినవి, అవి ఏవో రాసేవాళ్ళకు తెలియదు. స్కోరు 200 నుంచి 800 మధ్య ఇస్తారు, 500 వస్తే పాస్. ఈ 500ను శాతంలోకి మార్చి "ఇన్ని ప్రశ్నలు తప్పాయి" అని లెక్కలు వేసుకోవద్దు, అది స్కేలు మీద సర్దిన అంకె. నాస్మ్ (నేషనల్ అకాడమీ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్) అనే ఇంకో సంస్థ పరీక్ష రాసినవాళ్ళకు ప్రశ్నలు 120, సమయం 2 గంటలు, పాస్ స్కోరు 70. అంకెలు వేరైనా కింద చెప్పే పద్ధతి దానికీ సరిపోతుంది.

మొదటి వారం: పుస్తకం తెరవకండి

ఏస్‌లో తప్పినవాళ్ళు మళ్ళీ రాయడానికి 30 రోజులు ఆగాలి. నాస్మ్‌లో మొదటిసారి తప్పితే వారం, రెండోసారి తప్పితే 30 రోజులు, మూడోసారీ తప్పితే ఏడాది. గడువు ముగిసిన రోజే స్లాట్ దొరుకుతుంది కదా అని తీసేసుకోవడం తొందరపాటు. స్కోరు 470 దాటి ఆగిపోతే ఆరు వారాలు చాలు. 430 లోపు ఉంటే పది పన్నెండు వారాలు పెట్టుకోండి. రీటేక్‌కు మళ్ళీ ఫీజు కట్టాలి, ఆ మొత్తం మారుతుంటుంది కాబట్టి మీ అకౌంట్‌లో లాగిన్ అయ్యి చూసుకోండి. కంగారులో ఇంకో ఖరీదైన స్టడీ ప్యాకేజీ మాత్రం కొనొద్దు. ఉన్న పుస్తకం తాజా ఎడిషన్ అయితే, ఇంతవరకు చూడని ప్రాక్టీస్ టెస్టులు రెండు మూడు ఉంటే సరిపోతుంది.

స్కోర్ రిపోర్ట్‌లో మొత్తం అంకె చూసి పక్కన పడేయకండి. విభాగాలవారీగా ఎక్కడ తగ్గిందో అందులో ఉంటుంది. క్లయింట్‌తో మాట్లాడి అంచనా వేయడం, ప్రోగ్రామ్ తయారుచేసి అమలుచేయడం, దాన్ని మార్చి ముందుకు తీసుకెళ్ళడం, వృత్తి నియమాలు, భద్రత. ప్రోగ్రామ్‌కు సంబంధించిన రెండు విభాగాలే కలిపి పరీక్షలో సగానికి పైగా ఉంటాయి. అవి బలహీనంగా ఉంటే మిగతావాటిలో ఎంత మెరుగుపడినా గట్టెక్కడం కష్టం.

పరీక్షలో ఇబ్బంది పెట్టిన అంశాలు గుర్తున్నంతవరకు రాసిపెట్టుకోండి: మధుమేహం, బీటా బ్లాకర్లు (గుండె జబ్బుకు, రక్తపోటుకు వాడే మందులు), హార్ట్ రేట్ లెక్క, ఇలా. అంశాలే రాయాలి, ప్రశ్నలు యథాతథంగా రాయడం, గ్రూపుల్లో పంచడం చేయకూడదు. పరీక్షకు ముందు గోప్యత షరతుకు మీరు ఒప్పుకున్నారు, మీరితే ఫలితమే రద్దు కావచ్చు. అదే కారణంతో వాట్సాప్, టెలిగ్రామ్‌లలో తిరిగే "అసలు ప్రశ్నల" ఫైళ్ళ జోలికి పోవద్దు. వాటిలో పాత ఎడిషన్ జవాబులు కలిసిపోయి ఉంటాయి.

ఆ తర్వాత కొత్త ప్రాక్టీస్ టెస్ట్ ఒకటి, 150 ప్రశ్నలు, 3 గంటలు గడియారం పెట్టుకుని, ఫోన్ వేరే గదిలో వదిలి రాయండి. తప్పయిన ప్రతి ప్రశ్నకూ, ఊహించి కొడితే తగిలిన ప్రతి ప్రశ్నకూ నోట్‌బుక్‌లో ఒక వరుస. అందులో అంశం, మీరు పెట్టిన జవాబు, అసలు జవాబు, తప్పుకు కారణం. ఈ చివరి గడిలోనే అసలు సంగతి ఉంటుంది. కారణాలు నాలుగే: తెలియదు, రెండు విషయాలు కలగలిశాయి, ప్రశ్న సరిగా చదవలేదు, జిమ్ అలవాటు జవాబు చెప్పింది.

జిమ్ అలవాటు ఎలా దెబ్బతీస్తుంది

ఏళ్ళ తరబడి ఫ్లోర్ మీద పనిచేసినవాళ్ళు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. క్లయింట్ డైట్ చార్ట్ అడిగితే జిమ్‌లో రాసిచ్చేస్తారు. పరీక్షలో అది తప్పు. సమతుల ఆహారం గురించి సాధారణ సమాచారం ఇవ్వొచ్చు, జబ్బుకు తగ్గ డైట్ రాసివ్వడం డైటీషియన్ పని. మోకాలి నొప్పి అంటే జిమ్‌లో ఏదో స్ట్రెచ్ చూపిస్తారు. పరీక్షలో నొప్పికి కారణం తేల్చడం ట్రైనర్ పరిధి కాదు, డాక్టర్ దగ్గరకు పంపాలి. కొత్త క్లయింట్ రాగానే వార్మప్ మొదలుపెట్టించడం కూడా ఇలాంటిదే. ప్రశ్నలో "ముందుగా ఏం చేస్తారు" అని ఉంటే ఆరోగ్య ప్రశ్నావళి, స్క్రీనింగ్ ఎప్పుడూ వ్యాయామం కంటే ముందు.

స్క్రీనింగ్‌లో చూసేవి మూడు: ఇప్పుడు క్రమంగా వ్యాయామం చేస్తున్నారా, గుండె, జీవక్రియ, మూత్రపిండాల జబ్బు గానీ వాటి లక్షణాలు గానీ ఉన్నాయా, ఎంత తీవ్రతతో చేయాలనుకుంటున్నారు. మధుమేహం జీవక్రియ జబ్బుల కింద వస్తుంది. 52 ఏళ్ళ మహిళకు మధుమేహం ఉంది, లక్షణాలేమీ లేవు, వ్యాయామం అలవాటు లేదు, నడక మొదలుపెట్టాలనుకుంటున్నారు అనుకోండి. నడకే కదా అని మొదలుపెట్టించకూడదు, ముందు డాక్టర్ అనుమతి కావాలి. ఆమే గత 3 నెలలుగా వారానికి కనీసం 3 రోజులు, రోజుకు 30 నిమిషాలు ఒక మాదిరి తీవ్రతతో నడుస్తూ ఉంటే, లక్షణాలు లేనంతవరకు ఆ నడక కొనసాగించవచ్చు. తీవ్రమైన వ్యాయామానికి వెళ్ళేముందు అనుమతి తీసుకోవాలి. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం లాంటి లక్షణాలుంటే ఎవరైనా సరే ఆపి డాక్టర్ దగ్గరకు వెళ్ళాల్సిందే. ఈ మూడు దారులను బొమ్మగా గీసి, పుస్తకం చూడకుండా మళ్ళీ గీయగలిగేదాకా సాధన చేయండి. స్క్రీనింగ్ ప్రశ్నలన్నీ వీటి చుట్టూనే తిరుగుతాయి.

కలగలిసిపోయేవి

హార్ట్ రేట్ లెక్కలో జవాబు తప్పేది గణితం రాక కాదు, ఒక మెట్టు మరచిపోయి. 50 ఏళ్ళ క్లయింట్, రెస్టింగ్ హార్ట్ రేట్ (విశ్రాంతిలో ఉన్నప్పటి రేటు) 70. 60 శాతం తీవ్రతతో చేయాలంటే హార్ట్ రేట్ ఎంత ఉండాలన్నది ప్రశ్న. టనాకా సూత్రం ప్రకారం గరిష్ఠ రేటు 208 నుంచి వయసుకు 0.7 రెట్లు తీసేస్తే 173. అందులోంచి 70 తీస్తే రిజర్వ్ 103. దానిలో 60 శాతం 61.8, మళ్ళీ 70 కలిపితే సుమారు 132. చివర 70 కలపడం మరచిపోతే 62 వస్తుంది. రిజర్వ్ సంగతే మరచి 173లో 60 శాతం తీస్తే 104 వస్తుంది. ఇలాంటి తప్పుడు జవాబులే ఆప్షన్లలో పెడతారు, కాబట్టి "నా లెక్క ఆప్షన్లలో ఉంది" అన్నది నమ్మకానికి ఆధారం కాదు. బీటా బ్లాకర్ వాడే క్లయింట్ అయితే ఈ లెక్క మొత్తం పక్కన పెట్టాలి. ఆ మందు హార్ట్ రేట్‌ను తగ్గించి ఉంచుతుంది, అందుకని శ్రమ ఎంత అనిపిస్తోందో అడిగే స్కేలు గానీ, వ్యాయామం చేస్తూ మాట్లాడగలుగుతున్నారా అని చూసే టాక్ టెస్ట్ గానీ వాడతారు.

లక్ష్య బరువు లెక్క కూడా ఇలాగే పడేస్తుంది. క్లయింట్ బరువు 180 పౌండ్లు, అందులో కొవ్వు 30 శాతం, అది 20 శాతానికి దిగాలి. కొవ్వు లేని బరువు 126. దాన్ని 0.80తో భాగిస్తే 157.5 పౌండ్లు. 180లోంచి 10 శాతం తీసేసి 162 అనేవాళ్ళు చాలామంది. బరువు తగ్గుతున్నప్పుడు శాతం లెక్కకు మూలమైన మొత్తం కూడా తగ్గుతుందని వాళ్ళు చూడలేదు. పనిలో పనిగా పౌండ్లు, అంగుళాలు చేతికి అలవాటు చేసుకోండి: కిలోకు 2.2 పౌండ్లు, అంగుళానికి 2.54 సెంటీమీటర్లు.

రెప్స్ (ఒక సెట్‌లో ఎన్నిసార్లు ఎత్తాలి) విషయంలో పట్టికను బట్టీ పట్టడం కంటే కారణం తెలుసుకోవడం మేలు. బలం కోసం 6 రెప్స్ లేదా తక్కువ, ఒక్కసారి మాత్రమే ఎత్తగల గరిష్ఠ బరువులో 85 శాతం పైన, విశ్రాంతి 2 నుంచి 5 నిమిషాలు. ఎందుకంటే అంత భారానికి వాడిన తక్షణ శక్తి కండరంలో తిరిగి నిండాలి. కండ పెరగడానికి 6 నుంచి 12 రెప్స్, 67 నుంచి 85 శాతం, 30 నుంచి 90 సెకన్ల విశ్రాంతి. ఓర్పు కోసం 12 పైన, భారం 67 శాతం లోపు, విశ్రాంతి 30 సెకన్ల లోపు. అంకె మరచిపోయినా విశ్రాంతి ఎందుకో తెలిస్తే రెండు ఆప్షన్లు వాటంతటవే పోతాయి.

బైసెప్స్ కర్ల్‌లో బరువు కిందికి దించేటప్పుడు పనిచేసే కండరం ట్రైసెప్స్ అనుకోవడం ఇంకో మామూలు పొరపాటు. భూమ్యాకర్షణ దించుతోంది, బైసెప్స్ సాగుతూ ఆ వేగాన్ని ఆపుతోంది. స్క్వాట్‌లో కిందికి వెళ్ళేటప్పుడు తొడ ముందు కండరాలు చేసేదీ అదే. కలగలిసే ఇంకో జంట, క్లయింట్ అలవాటు మార్చుకునే దశలు. వీటిలో గీత 6 నెలల దగ్గర ఉంటుంది: క్రమంగా 2 నెలలు చేసినవారు యాక్షన్, 8 నెలలు చేసినవారు మెయింటెనెన్స్.

ఇంగ్లీషు ప్రశ్న, తెలుగు ఆలోచన

తెలుగు మీడియంలో చదివినవాళ్ళకు విషయం తెలిసీ మార్కులు పోయేది ప్రశ్న చదవడంలో. ప్రతి అంశాన్నీ తెలుగులో పక్కవాడికి చెప్పినట్టు బిగ్గరగా వివరించండి, కానీ పారిభాషిక పదాలు మాత్రం ఇంగ్లీషులోనే ఉంచండి. పరీక్షలో కళ్ళకు కనిపించేవి అవే. ప్రశ్న చివరి వాక్యం ముందు చదివి, తర్వాత క్లయింట్ వివరాలు చదవండి. "ఫస్ట్", "మోస్ట్ అప్రోప్రియేట్", "లీస్ట్ లైక్లీ", "ఎక్సెప్ట్", "కాంట్రాఇండికేటెడ్" (ఈ క్లయింట్‌కు చేయించకూడనిది) కనపడితే ఒక్క క్షణం ఆగండి. "మోస్ట్ అప్రోప్రియేట్" అన్నచోట రెండు జవాబులు సరైనవే ఉండొచ్చు. ప్రశ్నలో ఇచ్చిన వయసు, మందు, అనుభవం వీటిలో ఏదో ఒకటి ఆ రెండింటిని విడదీస్తుంది.

రోజూ ఎంత, ఎప్పుడు

ఉదయం, సాయంత్రం షిఫ్టులు చేసే ట్రైనర్లు రాత్రి పది తర్వాత చదవడం దండగ. ఉదయం బ్యాచ్ అయ్యాక, భోజనానికి ముందు 75 నుంచి 90 నిమిషాలు పెట్టుకోండి. అందులో మొదటి 20 నిమిషాలు నిన్నటి తప్పులు, మిగతాది ఇవాళ్టి అంశం, చివర 15 ప్రశ్నలు. రెండు, మూడు, నాలుగు వారాలు బలహీన విభాగాలకే. ఐదో వారం అన్ని అంశాలూ కలిపి 50 ప్రశ్నల సెట్లు, సెట్‌కు గంట. అసలు పరీక్ష వేగం అదే, ప్రశ్నకు 72 సెకన్లు. ఆరో వారం పూర్తి టెస్టులు రెండు, మధ్యలో మూడు రోజుల ఎడం. ఇదివరకు చూసిన టెస్టులో 90 శాతం రావడం లెక్కలోకి రాదు, అది జ్ఞాపకం. చూడని టెస్టులో రెండుసార్లు వరసగా 80 శాతం దాటితే స్లాట్ బుక్ చేయండి. దాటకపోతే ఇంకొన్నాళ్ళు ఆగండి, ఫీజు రెండోసారి పోవడం కంటే అది నయం.

ఫలితం వచ్చేదాకా ఇన్‌స్టా బయోలో, విజిటింగ్ కార్డు మీద "సర్టిఫైడ్" అని పెట్టకండి. సీపీఆర్, ఏఈడీ (గుండె ఆగినప్పుడు చేసే ప్రథమ చికిత్స, షాక్ ఇచ్చే యంత్రం వాడకం) సర్టిఫికెట్ గడువు రీటేక్ తేదీకి ముందే అయిపోతోందేమో చూసుకోండి.

మనవాళ్ళకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు పేరు. ఇంటిపేరు ఒక కార్డులో పూర్తిగా, ఇంకో కార్డులో ఒక్క అక్షరంగా, ఒకచోట ముందు, ఒకచోట వెనుక ఉంటుంది. రిజిస్ట్రేషన్‌లో పేరు, తీసుకెళ్ళే గుర్తింపు కార్డులో పేరు అక్షరం పొల్లుపోకుండా కలవాలి. ఆధార్ మీద సంతకం ఉండదు, కాబట్టి ఫొటో, సంతకం రెండూ ఉన్న పాస్‌పోర్ట్ భద్రం. తేడా ఉంటే రెండు వారాల ముందే సపోర్ట్‌కు రాసి సరిచేయించండి, పరీక్ష రోజు సెంటర్‌లో ఎవరూ సరిచేయలేరు.

హాల్లో మొదటి గంటలో 50, రెండో గంటకు 100 ప్రశ్నలు దాటాలి. 90 సెకన్లకు తేలని ప్రశ్నకు ఏదో ఒక జవాబు పెట్టి, గుర్తు పెట్టి ముందుకు పోండి. ఖాళీగా మాత్రం వదలొద్దు. అస్సలు వినని విషయం ఎదురైతే కంగారుపడక్కర్లేదు, అది లెక్కలోకి రాని ఆ 25లో ఒకటి కావచ్చు. చివర్లో మిగిలిన సమయంలో గుర్తు పెట్టినవాటికే తిరిగి వెళ్ళండి. ప్రశ్న తప్పు చదివినట్టు కనపడితే జవాబు మార్చండి, ఊరికే అనుమానం వచ్చినందుకు మార్చకండి.